రిపోర్టు ఉండగా చెయ్యి ఎందుకు కదపాలి?

పక్షవాతం వచ్చిన మనిషి చేత చేతులూ కాళ్లూ ఆడించడం పాతకాలపు మోటుపని అని నా గట్టి నమ్మకం. రక్తపరీక్షలు ఇంత అభివృద్ధి చెందిన రోజుల్లో మనిషి కదలాల్సిన అవసరం ఏముంది? రక్తం కదిలితే చాలదా? అది మా ఇంటి నుంచి ల్యాబుకి వారం తప్పి వారం కదులుతూనే ఉంది కదా!

ఊరికే అంటున్న మాట కాదిది. అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆడపడుచు అసిరమ్మ ఇరవై ఆరేళ్లుగా పూర్ణా మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతోంది. మా ఆయన పోయాక నేను ఆమె ఇంట్లోనే ఉంటున్నాను. ఒకరోజు పొద్దున్న గంప ఎత్తుకోబోతుంటే ఆమె కుడిచెయ్యి జారిపోయింది, మూతి ఓ పక్కకి లాగేసింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. ప్రాణం దక్కింది. కాలు పదిహేను రోజుల్లో కాస్త కుదుటపడింది. కుడిచెయ్యి మాత్రం గుప్పిట మూసుకుని ఒళ్లో పడుకుంది, అది తనది కానట్టు.

ఇంటికొచ్చిన దగ్గర నుంచీ అసిరమ్మది ఒకటే ప్రశ్న.

"బజారుకి ఎప్పుడెల్తాను?"

మార్కెట్లో ఆమెది మూడడుగుల చోటు. దానికి పట్టా లేదు, రసీదు లేదు. రోజూ వచ్చి గంప దించడమే హక్కు. మనిషి రాకపోతే అటు గంప ఇటు, ఇటు గంప అటు జానెడు జానెడు జరుగుతాయి. ఎవరూ దెబ్బలాడరు. చోటు మాత్రం మిగలదు.

ఆమె ప్రశ్నకి జవాబు రక్తంలో ఉందని డాక్టరుగారు చెప్పాక మాకు తెలిసింది! రక్తంలో ఏదో ప్రొటీన్ ఉంటుందట. దెబ్బతిన్న నరాలు ఎంతవరకు కోలుకుంటున్నాయో అది కొంత సూచన ఇస్తుందట. దాన్ని మార్కర్ అంటారట. పదిహేను రోజులకోసారి చూద్దామన్నారు. రెండో అంతస్తులో ఫిజియోథెరపీ గది ఉందని, రోజూ వ్యాయామం చేయించాలని కూడా ఏదో అన్నారు. అప్పటికే మేం ల్యాబు ముందున్నాం.

ల్యాబు గేటు పక్కనే. ఫిజియోథెరపీకి ముప్ఫై ఆరు మెట్లు, లిఫ్టు పనిచేయదు. నడవలేనివాళ్లకి నడక నేర్పే గదిని మెట్ల మీద పెట్టిన మహానుభావుడెవరో గానీ ఆయన దూరదృష్టికి నమస్కారం! మెట్లెక్కగలిగినవాళ్లకి వైద్యం అక్కర్లేదు, ఎక్కలేనివాళ్లు రారు. గది ఎంత శుభ్రంగా ఉంటుందో ఆలోచించండి!

నేను అక్షరాలు దిద్దింది యాభై నాలుగో ఏట, బస్సుల మీద ఊళ్ల పేర్లు చదువుకుందామని. ఇంగ్లీషులో నాకొచ్చినవి రెండే, హెచ్, ఎల్. అవి కూడా ఈ రిపోర్టుల పుణ్యమే. హెచ్ అంటే ఎక్కువ, ఎల్ అంటే తక్కువ. ఈ రెండూ వస్తే సగం డాక్టరీ వచ్చినట్టే! కళ్లజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుని నేను రిపోర్టు చదువుతుంటే వీధిలో ఆడవాళ్లంతా మూగేవారు. జీవితంలో నాకంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు.

మొదటిసారి నంబరు పద్నాలుగు. పక్కన ఎల్.

ఎదురింటి మహాలక్ష్మమ్మ భర్త సింహాద్రి పోర్టులో చేసి రిటైరయ్యాడు. ఆయనకీ ఇదే జబ్బు, ఇదే పరీక్ష.

"ఓలమ్మ! పద్నాలుగేనేటి? మా ఆయనకి ఇరవై రెండొచ్చింది" అంది ఆమె.

ఆ రోజంతా నాకు ముద్ద దిగలేదు. ఇరవై రెండు వచ్చినాయన ఇంకా మంచం దిగలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. మార్కులొచ్చాక పిల్లాడికి చదువొచ్చిందా అని ఎవరడుగుతారు చెప్పండి?

అసిరమ్మ కొడుకు ఉదయ్‌కుమార్ స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు. తల్లంటే ప్రాణం. రిపోర్టు రాగానే ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. యారాడ నుంచి రెండు దండాలు, బొబ్బిలి నుంచి మూడు పువ్వులు వచ్చేవి. ఒకాయన బీట్‌రూట్ అన్నాడు, ఒకావిడ దానిమ్మ అంది, ఇంకొకాయన ఖర్జూరం పంపించాడు కూడా. అందరూ నంబరు అడిగినవాళ్లే. గ్లాసు పట్టుకుంటోందా అని అడిగినవాళ్లు లేరు.

"అత్తా, నంబరు పెరగనీ. పెరిగాక ఎక్సర్‌సైజులు ఇరగదీసేద్దాం" అనేవాడు ఉదయ్.

నంబరు పెంచడానికి మేం పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు. పరీక్షకి రెండు రోజుల ముందు నుంచీ అసిరమ్మని కదలనిచ్చేవాళ్లం కాదు. కదిలితే రక్తంలో ఉన్న కాస్తా ఖర్చయిపోతుందని మా భయం! అన్నం నేను కలిపి నోట్లో పెట్టేదాన్ని. జుట్టు కోడలు నీలిమ దువ్వేది. మొహం మీద ఈగ వాలితే ఉదయ్ తోలేవాడు.

"నాను సేసుకుంటాను, ఒగ్గండర్రా" అని ఆమె ఎడమచేత్తో తోసేది.

మేం ఒగ్గలేదు. ప్రేమంటే అదే కదా!

పైగా రక్తపరీక్షలో ఉన్న సుఖం వ్యాయామంలో ఎక్కడుంది? సూది గుచ్చడం ఒక్క నిమిషం. తర్వాత ఫైలులో పెట్టుకోవడానికి రంగుల కాగితం వస్తుంది. వ్యాయామానికి కాగితమే రాదు! పూటకి నలభై నిమిషాలు మనిషికి ఎదురుగా కూర్చోవాలి. మన రెండు చేతులూ ఆమె ఒక్క చేతికే ఇచ్చేయాలి. అప్పుడు మన ఫోన్ ఎవరు పట్టుకుంటారు? టీవీలో ఏం జరిగిందో ఎవరు చెబుతారు? ఇలాంటి కష్టం శత్రువుకి కూడా వద్దు.

ఇలా మా వైద్యం సుఖంగా సాగిపోతుండగా ఎనిమిదో వారంలో ఒక ఆటంకం వచ్చింది. పై అంతస్తు నుంచి ఆశాజ్యోతి అనే ఫిజియోథెరపీ అమ్మాయి ఏదో పని మీద కిందికొచ్చి, ల్యాబు ముందు బెంచీ మీద కూర్చున్న అసిరమ్మ గుప్పిట చూసి ఆగిపోయింది.

"ఏ ఎక్సర్‌సైజులు చేయిస్తున్నారమ్మా?"

నేను ఫైలు అందించాను. "పద్నాలుగు, పదహారు, పదిహేను, పదహారు. పాతిక దాటగానే మొదలెడదామని ఉన్నాం తల్లీ."

ఆ అమ్మాయి ఫైలు వంక చూడలేదు! నాలుగు రిపోర్టుల నంబర్లన్నీ ఇంపుగా చదివానా, ఒక్క మెచ్చుకోలు లేదు. నేల మీద కూర్చుని అసిరమ్మ వేళ్లు ఒక్కొక్కటే విప్పబోయింది. అవి రాలేదు.

"ఈ నంబరు చేతిని కదపదమ్మా. చెయ్యి కదిపితే ఈ నంబరు పెరిగినా పెరగొచ్చు. మొదటి మూడు నెలలే మంచి అదును. రెండు నెలలు దేనికోసం ఆగారు?"

అదీ సంగతి. మేం నంబరు కోసం ఎదురుచూస్తున్నాం. నంబరు చెయ్యి కోసం ఎదురుచూస్తోంది. చెయ్యేమో మాకోసం.

ఉదయ్ గోడ మీద బోర్డు చదవడం మొదలెట్టాడు. నేను ఫైలు మళ్లీ తిప్పి హెచ్ ఎక్కడైనా ఉందేమోనని వెతికాను.

"వదినా, ఆ కాయితాలు పక్కనెట్టి నా సెయ్యట్టుకో" అంది అసిరమ్మ.

పట్టుకున్నాను. ఆ అమ్మాయి అక్కడే బెంచీ మీద నేర్పింది. అప్పటి నుంచి పొద్దున్న నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు. గిన్నెలో శనగలు ఏరించడం, తువ్వాలు పిండించడం, గ్లాసు పట్టించి వదిలించడం. పట్టు ముందు వస్తుందట, విడుపు ఆలస్యమట. అసిరమ్మ మూడు గ్లాసులు పగలగొట్టింది. నాకు నడుం పట్టేసింది. రిపోర్టులు చదివిన రెండు నెలల్లో ఒక్కనాడైనా నడుం పట్టిందా? అందుకే చెబుతున్నాను, రక్తపరీక్షకి సాటి లేదు!

నెల తిరిగాక, వద్దన్నా వినకుండా ఆమె బజారుకి బయల్దేరింది. గంప నేను మోశాను. మూడడుగుల చోటు అడుగున్నర అయింది. గంప దించాక మిగిలిన జానెడులో పక్కన ఒదిగి కూర్చుంది.

మద్దిలపాలెం నుంచి వచ్చిన ఒకావిడ పావుకిలో నెత్తళ్లు అడిగింది. తూకం నేను వేశాను. కొసరు మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు అసిరమ్మ. కొసరు అమ్మినామె చేత్తోనే పడాలి, అది అక్కడి మర్యాద. కుడిచెయ్యి గంపలో పెట్టి గుప్పెడు తీసింది. సంచీ మీదికి తెచ్చింది. వేళ్లు విచ్చుకోలేదు.

నేను చటుక్కున ముందుకి వంగాను.

"ఉండండి, ఆవిణ్ణి వెయ్యనీండి. నాకేం తొందర లేదు" అంది కొనుక్కోవడానికొచ్చిన మనిషి, సంచీ నోరు తెరిచి పట్టుకుని. "ఎన్నాళ్లయిందమ్మా ఇలగ?"

అసిరమ్మ కళ్లు గుప్పిట మీదే ఉన్నాయి.

"మూడు నెల్లమ్మా. రెండు నెల్లు మా వదిన కాయితాలు సదివింది. ఒక్క నెలే నా సెయ్యి కదిపింది."

చూపుడువేలు విడింది. తర్వాత మధ్యవేలు. నెత్తళ్లు సంచీలో పడ్డాయి.