పరిమళమ్మ కొట్టుకి కార్డు వచ్చింది

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున మద్దిచెట్టు తొర్రలో, పరిమళమ్మ అనే పునుగుపిల్లికి చిన్న సుగంధాల కొట్టు ఉండేది. వెదురు గొట్టాల్లో పునుగు నింపి అమ్మేది. కొనేవాళ్లు పండో చేపో పుట్టగొడుగో ఇచ్చి పట్టుకెళ్లేవారు. కొట్టుకి బోర్డు లేదు. గాలి వీస్తే ఎక్కడుందో అందరికీ తెలిసిపోయేది.

ఇంతలో సింహరాజుగారికి అడవిని ఆధునికం చేయాలని బుద్ధి పుట్టింది. పళ్లూ చేపలూ మోసుకు తిరగడం అనాగరికమనీ, ఇకమీదట అందరూ కార్డులతోనే కొనుక్కోవాలనీ చాటింపు వేయించారు. కొద్దిరోజులకే జింకల పెళ్లివారు కొట్టు ముందు ఆగి, వెబ్‌సైట్ ఉందా, కార్డు తీసుకుంటారా అని అడిగారు. లేదనేసరికి జాలిగా చూసి వెళ్లిపోయారు. పెళ్లి బేరం పోయేసరికి పరిమళమ్మ ప్రాణం ఉసూరుమంది. ఇలాగే సాగితే వానాకాలం ఎలా గడుస్తుందని దిగులు పట్టుకుంది.

దిగులున్న చోటికి సలహాదారు రావడం అడవి ధర్మం. జంబుకయ్య అనే నక్క వచ్చాడు. ఇప్పుడతని వృత్తి వెబ్‌సైట్లు కట్టడం. అంతకుముందు వృత్తి ఏమిటో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

"నువ్వు కూచో అక్కా, అంతా నేను చూసుకుంటాగా" అన్నాడు.

అన్నట్టే చూడముచ్చటగా కట్టాడు. పైన సింహరాజుగారి బొమ్మ, కింద గొట్టాల బొమ్మలు, ఆ కింద కార్డు నంబరు నింపే గడి. ఆ గడిలోంచి తన బొరియకి ఒక చిన్న దొంగదారి కూడా తవ్వుకున్నాడు. ఎవరు ఏ నంబరు నింపినా ఒక నకలు అతనికి చేరుతుంది. ఆ దారి సంగతి మాత్రం అక్కకి చెప్పలేదు.

ఇక చెల్లింపుల కార్యాలయం అనుమతి కావాలి. అక్కడి అధికారి ధ్యానమూర్తి అనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి, ఆమె దరఖాస్తు చదివి, చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

"నీ పేరులో పిల్లి అని ఉంది. శాస్త్రం ప్రకారం పునుగుపిల్లి పిల్లి కాదు. మరి నువ్వెవరు?"

"పరిమళమ్మనండి. పుట్టినప్పట్నుంచీ నేనే."

"నువ్వు చెబితే చాలదు. నువ్వు పిల్లివి కాదని ఏదైనా పిల్లి వచ్చి చెప్పాలి."

పాపం, అడవంతా తిరిగి ఒక జంగుపిల్లిని బతిమాలి తీసుకొచ్చింది. జంగుపిల్లి ఆమెను ఎగాదిగా చూసి, మా వంశంలో ఇలాంటి మూతి లేదని సాక్ష్యం చెప్పింది. దాంతో ధ్యానమూర్తి, నువ్వు నువ్వేనని రుజువైందని ముద్ర వేశాడు. పిల్లిని కాదని తేలితే తనెవరో ఎలా తేలిందో పరిమళమ్మకి అర్థం కాలేదు. కానీ అనుమతి చేతికొచ్చాక అలాంటివి ఎవరు ఆలోచిస్తారు?

భద్రత ఏర్పాటు కూడా ఘనంగానే ఉంది. కార్డుతో ఏది కొన్నా కార్యాలయం నుంచి ఒక రహస్య సంఖ్య వస్తుంది. అది నింపితేనే చెల్లింపు పూర్తవుతుంది. ఆ సంఖ్యని మోసుకెళ్లే ఉద్యోగం చిలకది. మహా నిజాయితీపరురాలు. కొమ్మ మీద వాలి, "ఏనుగు పెద్దయ్యగారి రహస్య సంఖ్య నాలుగు, తొమ్మిది, రెండు, ఏడు. ఎవరికీ చెప్పకండి" అని అడవి ఆ చివర వరకూ వినబడేలా చెప్పేది.

కార్డు నంబర్లు జంబుకయ్య బొరియలో ఉన్నాయి. రహస్య సంఖ్యలు చెవిలో పడుతున్నాయి. పెద్దయ్య సరదాకి ఒక్క గొట్టం కొన్న దగ్గర్నుంచి, జంబుకయ్య ఆయన కార్డు మీద వరసగా గొట్టాలు తెప్పించి, పక్క అడవిలో అమ్ముకుందామని బొరియలో దాచసాగాడు. పార్సిల్ పొదలో పెట్టమని రాసేవాడు. పెద్దయ్యకి ఈ వయసులో సెంటు పిచ్చేమిటా అని పరిమళమ్మకి అనిపించకపోలేదు. ఒళ్లు పెద్దది కదా, ఎక్కువే పడుతుందిలే అని సరిపెట్టుకుంది. చిలకేమో, మతిమరుపు ఏనుగు కాబోలు, ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతున్నాడు అనుకుంది.

ఒకరోజు చెరుకు కొనబోతే పెద్దయ్య కార్డు పనిచేయలేదు. డబ్బంతా సెంటుకే పోయిందని తెలిసి ఆయన నేరుగా కొట్టుకొచ్చి నిలబడ్డాడు. ఆయన చెవులు మరీ పెద్దవి, కానీ సొంత ఘీంకారం తప్ప చిలక కేకలు ఏనాడూ పట్టించుకోలేదు.

"పరిమళమ్మా, బురద పూసుకుని తిరిగేవాణ్ని, నాకు ఇన్ని గొట్టాల సెంటు ఎందుకమ్మా?" అన్నాడు.

ఆ మాట కార్యాలయానికి చేరింది. ధ్యానమూర్తి వచ్చి ఖాతా మూసేశాడు. కొట్టు ఎవరి పేరున ఉంటే నేరం వాళ్లదేనని, రాజుగారి కొలువులో దొంగని చూపించకపోతే అడవి విడిచి వెళ్లాల్సిందేనని తేల్చేశాడు.

పరిమళమ్మ ఏడుస్తూ జంబుకయ్య బొరియ దగ్గరికి పరుగెత్తింది. అతను బయటికి రాకుండానే, ఇలాంటి దొంగలు ఎక్కడో సముద్రం అవతల కూచుంటారు, దొరకరక్కా అని ఓదార్చాడు. అప్పుడే బొరియలోంచి గాలి తిరిగింది. ఆమె ఏడుపు ఆగిపోయింది. గడ్డి కింద దాచిన గొట్టాల మీద రోజూ పడుకుంటే ఏదో ఒకటి చిట్లక మానుతుందా? తన సరుకు వాసన తనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

అయినా ఆ మాట అనలేదు. కళ్లు తుడుచుకుని, "తమ్ముడూ, నిపుణుడివి నువ్వు. కొలువులో నా తరఫున నాలుగు మాటలు చెప్పాలి" అని అడిగింది.

నిపుణుడనేసరికి జంబుకయ్య ఉబ్బిపోయాడు. వాగులో మునిగి, ఒళ్లు రుద్దుకుని మరీ వచ్చాడు. పునుగు నీళ్లకి వదిలే సరుకా? కంటికి కనబడని దొంగల గురించి అతను ఉపన్యసిస్తుంటే ఒక్కో ముక్కూ అతని వైపు తిరిగింది. పెద్దయ్య తొండం చాచి అతన్ని తల నుంచి తోక దాకా తడిమాడు. రాజుగారు గట్టిగా తుమ్మారు.

"వాసన రాయడానికి మా దస్త్రంలో గడి లేదు ప్రభూ" అన్నాడు ధ్యానమూర్తి.

"అయితే గీయించు" అన్నారు రాజుగారు.

బొరియలోంచి గొట్టాలు బయటపడ్డాయి. జంబుకయ్య వెబ్‌సైట్ల వృత్తి ముగిసింది. పాత వృత్తికి వెళదామంటే కుందేళ్లు ఆమడ దూరంలోనే పసిగట్టి పారిపోతున్నాయి. ప్రస్తుతం రేగుపళ్లు తిని బతుకుతున్నాడు, ఆరోగ్యం బాగుందంటున్నారు.

జరిగినదానిపై రాజుగారు వేసిన సంఘం లోతుగా విచారించింది. స్పష్టమైన ఉచ్చారణకి చిలకకి బహుమానం ఇచ్చింది. ధ్యానమూర్తికి రెండో కాలు కూడా దించే హోదా ఇచ్చింది. కార్డు తీసుకునే ప్రతి కొట్టూ, దొంగలు దొరికేందుకు, సరుకుకి తప్పనిసరిగా పునుగు పూయాలని నిబంధన పెట్టింది. అది అమ్మేది పరిమళమ్మ ఒక్కతే. ఆమె కొట్టు ముందు ఇప్పుడు వాగు దాకా వరస.

నీతి: భద్రత పెరగాలంటే ముందు దొంగతనం జరగాలి, వ్యాపారం పెరగాలంటే అది మన కొట్లోనే జరగాలి.