మూడో తలకు ఉద్యోగం

కొరుపోలు సింహాద్రి కుడి దండచేతి కండలో ఉన్న మూడో తలకు మునిసిపాలిటీలో ఉద్యోగం పర్మనెంటయింది. మిగతా సింహాద్రికి కాలేదు.

పద్నాలుగేళ్లుగా అతను ఆ ఊళ్లో మంచినీటి వాల్వులు తిప్పుతున్నాడు, టెంపరరీగా. పర్మనెంటయితే భార్య గౌరీశ్వరికి హెల్త్ కార్డు వస్తుంది, కార్డు వస్తే ఆమె గుండెకు ఆపరేషనవుతుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ దాని కోసమే కాచుక్కూచున్నారు.

వైద్య పరీక్షలో డాక్టరమ్మ స్కాన్ చూసి ముచ్చటపడింది. మోచెయ్యి వంచే ఆ కండకు పైన రెండు పాయలుంటాయి, వైద్యులు వాటిని తలలంటారు. కొందరికి మూడుంటాయి. సింహాద్రికి మూడున్నాయి. పైగా ఆ కండకు రావలసిన నరం అసలు లేదు. పక్క నరమే ఓ కొమ్మ వేసి పని నడిపిస్తోంది. "భయం లేదు, పుట్టుకతో వచ్చిందే" అని ఆమె సర్టిఫికెట్ రాసింది. తెలుగులోనే రాయాలని జీవో ఉంది కనక తెలుగులోనే రాసింది: "కండకు అదనంగా ఒక తల ఉంది. ఉద్యోగానికి అన్ని విధాలా తగును."

ఎవరు తగునో రాయలేదు. తెలుగులో ఎవరు మాత్రం రాస్తారు? కానీ సీనియర్ అసిస్టెంటు పేరిశాస్త్రి భాషాప్రవీణ చదివినవాడు. కర్త కనిపించని వాక్యానికి కర్త పై వాక్యంలో దొరుకుతుందని ఆయన నమ్మకం. పై వాక్యంలో తల ఉంది. ఉత్తర్వు తల పేరున వచ్చింది.

"మరి నానేటైపోనాను బాబూ?" అన్నాడు సింహాద్రి.

"వాల్వు తిప్పేది ఆ కండ. నువ్వు దాన్ని తీసుకొస్తావంతే," అన్నాడు పేరిశాస్త్రి, కోపం లేకుండానే.

"డాట్రమ్మ సేత మళ్లీ రాయించీసి తెస్తాను."

"ఎవరి గురించి రాస్తుందయ్యా? ఫైల్లో నువ్వు లేవుగా."

తర్వాత స్కాన్ రిపోర్టులో నరం సంగతి చదివి ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్లు అడ్డం పడ్డారు. పక్క లైనునుంచి కొమ్మ లాక్కోవడం అక్రమ కనెక్షన్ అని తలకు నోటీసిచ్చారు. ఫిట్టరొచ్చి భుజం నుంచి మోచేతి దాకా టేపుతో కొలుచుకుపోయాడు. ఊళ్లో సగం కొళాయిలు అలాంటివే కావడంతో, వాటితోపాటు దీన్నీ క్రమబద్ధం చేశారు.

అసలు చిక్కు హెల్త్ కార్డు దగ్గరొచ్చింది. గౌరీశ్వరి సింహాద్రి భార్య, సింహాద్రి ఉద్యోగి కాడు. ఉద్యోగికి పెళ్లయినట్టు రుజువు లేదు. అప్పటికే ఆమె నాలుగడుగులేస్తే ఆయాసపడుతోంది. ఆఫీసు మెట్లెక్కి వచ్చి, కుర్చీ అందుకుని, కాసేపటికి గాని మాట్లాడలేకపోయింది.

"ఆ పెళ్లేదో సేసీండి బాబూ. సెయ్యి మాయాయనదే గదా, నాకు కొత్తదేటి కాదు."

రిజిస్ట్రారాఫీసులో పెళ్లయింది. సింహాద్రి సాక్షి సంతకం చెయ్యబోతే ఆపారు. కుడిచెయ్యి పెళ్లికొడుకు తరఫు. ఎడమచేతి వేలిముద్ర వేశాడు.

కార్డొచ్చింది, ఆపరేషనయింది. గౌరీశ్వరి ఇప్పుడు బజారుకి కూడా నడిచే వెళ్తోంది. సింహాద్రికి అది చూస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, కాస్త కుళ్లు కూడా లేకపోలేదు. పొద్దున హాజరు పిలిచేటప్పుడు "మూడో తల" అంటే, "తెచ్చానండి" అంటాడు.

మొన్నీమధ్య అతనికీ ఒంట్లో బాగుండక, కార్డులో తననూ చేర్చమని దరఖాస్తు తీసుకున్నాడు. 'ఉద్యోగితో సంబంధం' అన్న గడి దగ్గర ఆగిపోయి, ఏం రాయమంటారని పేరిశాస్త్రిని అడిగాడు.

"మోసేవాడు అని రాయి."

సింహాద్రి పెన్ను కుడిచేతికిచ్చి, ఉద్యోగి చేతే ఆ మాట రాయించాడు. రాసింది మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. పద్నాలుగేళ్లలో ఏ కాగితం మీదా తన గురించి ఇంత సరిగ్గా రాసి లేదు.