ఆరు నేపథ్యాల చరిత్ర పత్రిక

"ఇకమీదట చరిత్రను ప్రజలే రాస్తారు" అని మంత్రిగారు ఎనభై ఒకటో సంవత్సరం మార్చి నెలలో ప్రకటించారు. ప్రకటన ఇంగ్లీషులో ఉండటంవల్ల ప్రజలకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

మంత్రిగారు సామాన్యులు కారు. ఆ పదవిలోకి వచ్చేలోగా నాలుగు పార్టీలలో పనిచేశారు. అందుకే విభిన్న నేపథ్యాలంటే ఆయనకు మొదటినుంచీ గౌరవం. "డిగ్రీలున్నవాళ్ళు రాసీ రాసీ చరిత్ర ఒకే రకంగా తయారయింది. రైతు రాయాలి, జాలరి రాయాలి, కార్మికుడు రాయాలి" అన్నారు. ఢిల్లీనుంచి తెలుగులో ఒక చరిత్ర పత్రిక పెట్టమన్నారు. ప్రతి సంచికకూ ఆరుగురు రచయితలు, ఆరుగురివీ ఆరు నేపథ్యాలు. పేరు కూడా ఆయనే పెట్టారు, 'గతవైభవం' అని.

పత్రిక ఆఫీసు ఆర్.కె. పురంలో. దానికి డైరెక్టరు రాధాకృష్ణమూర్తిగారు. సబ్ ఎడిటరు సిలాసుగారు. ప్యూనును నేను. పనిచేసేది ముగ్గురమే అయినా కుర్చీలు పదకొండు వచ్చాయి.

సిలాసుగారిది గుంటూరువైపు. చరిత్రలో ఎమ్మే. ఢిల్లీ ఆఫీసుల్లో తొమ్మిదేళ్ళుగా టెంపరరీ. ఆరునెలలకోసారి ఆయన్ని ఒకరోజు ఉద్యోగంలోంచి తీసేసి మర్నాడు మళ్ళీ చేర్చుకునేవారు. అలా చేస్తే పర్మనెంటు అడిగే హక్కు రాదట. ఆ ఒక్కరోజు కూడా ఆయన ఆఫీసుకు వచ్చేవారు. ఉద్యోగం లేదు కాబట్టి కుర్చీలో కూర్చునేవారు కాదు. నిలబడి ప్రూఫులు దిద్దేవారు.

పత్రిక మంత్రిగారికి నచ్చితే సిలాసుగారి ఫైలు మీద సంతకం పడుతుందని డైరెక్టరుగారు మాట ఇచ్చారు. సంతకం పడితే పర్మనెంటు. పర్మనెంటు అయితే ఆర్.కె. పురంలో గవర్నమెంటు క్వార్టరు. సిలాసుగారూ ఆయన భార్య ప్రేమకుమారిగారూ మునీర్కాలో ఒక మేడమీద రేకుల గదిలో ఉండేవారు. ప్రేమకుమారిగారు హాస్పిటల్లో నర్సు. జూన్ నెలలో డ్యూటీకి వెళితే చల్లగా ఉంటుందని సెలవు కూడా పెట్టేవారు కాదు.

రచయితలు కావాలని పేపర్లో ప్రకటన వేశాం. రెండు నెలల్లో ఒకే ఒక వ్యాసం వచ్చింది. ఫరీదాబాదు నుంచి. రాసినవాడు చెన్నకేశవులు. పాలమూరు జిల్లావాడు, ఫ్యాక్టరీలో లేతు మిషను నడిపేవాడు. వ్యాసం పోస్టులో పంపితే పోతుందేమోనని రెండు బస్సులు మారి తానే పట్టుకొచ్చాడు. పేరు 'మా బస్తీకి చేతిపంపు వచ్చిన చరిత్ర'.

డైరెక్టరుగారు మొదటి పేజీ చదివి కళ్ళజోడు తీశారు.

"ఇందులో రాజు ఎవరయ్యా?"

"రాజు లేడు సార్. జూనియర్ ఇంజినీర్ ఉన్నడు."

"రాజు లేకుండా చరిత్ర ఎలా అవుతుంది?"

"పంపు రావడానికి పదకొండేండ్లు పట్టింది సార్. అంతా తారీఖులతోటి రాసిన."

"శాసనాల ఆధారం ఏమైనా ఉందా?"

"శంకుస్థాపన రాళ్ళు ఉన్నయి సార్. మూడు. పంపే ఒకటి."

డైరెక్టరుగారు చాలాసేపు ఆలోచించారు. ఆయన తొందరపడే మనిషి కాదు. చివరికి చెన్నకేశవులుకు టీ ఇప్పించి పంపేసి, సిలాసుగారిని పిలిచారు.

"కార్మికుడి బ్యాక్‌గ్రౌండు దొరికింది. బంగారంలాంటి బ్యాక్‌గ్రౌండు. పేరూ ఊరూ ఫోటో ఉంచండి. వ్యాసం మాత్రం కాకతీయుల చెరువుల మీద మీరు ఒకటి రాసి పెట్టండి. నీళ్ళే కదా, పెద్ద తేడా ఉండదు."

సిలాసుగారు రాశారు. బాగా రాశారని నేను చెప్పకూడదు, నాది మూడో క్లాసు. కంపోజిటరు చెప్పాడు.

అక్కడినుంచి పని సులువైంది. ముందు నేపథ్యం, తరవాత మనిషి, ఆ తరవాత సిలాసుగారు రాసే వ్యాసం. డైరెక్టరుగారి పద్ధతి ఇదీ. నర్సు కోసం వెతకక్కర్లేకపోయింది. ప్రేమకుమారిగారి పేరు రాసుకున్నారు. గృహిణి కింద డైరెక్టరుగారి భార్య రాజేశ్వరమ్మగారి పేరు పడింది. ఆ ఇంట్లో వంట డైరెక్టరుగారే చేస్తారని గిట్టనివాళ్ళు అంటారు. మాజీ సైనికుడు డైరెక్టరుగారి డ్రైవరు. మిలిటరీ క్యాంటీన్లో ఏడాదిన్నర పూరీలు వేయించాడు. యుద్ధం వచ్చినప్పుడు కూడా వేయించాడని డైరెక్టరుగారే సర్టిఫికెట్టు రాశారు.

రైతు దొరకడానికి కొంత కష్టమైంది. సిలాసుగారి పక్క మేడమీద పెద్దిరాజు అనే కుర్రాడు ఐఏయస్‌కు చదువుతున్నాడు, గోదావరి జిల్లావాడు. వాడిని పిలిపించారు.

"మీకు పొలం ఉందా?"

"నాన్నగారికి ఉందండీ. ఎటువైపుందో నాకు సరిగ్గా తెలీదు గానీ, ఉందండీ."

"చాలు. నువ్వు రైతువి."

"రైతునైతే రేపు ఇంటర్వ్యూలో పనికొస్తుందాండీ?"

"ఎందుకు పనికిరాదూ? దేశానికి వెన్నెముక కదయ్యా!"

పెద్దిరాజు ఆ రోజునుంచి నడుం నిటారుగా పెట్టి నడవటం మొదలుపెట్టాడు.

ఇక జాలరి మిగిలాడు. డైరెక్టరుగారు నావైపు చూశారు.

"పాపయ్యా, నువ్వు మాట్లాడవు కదా?"

నేను మాట్లాడలేదు.

"చూశారా సిలాసూ! జాలర్లు మాట్లాడరు. మాట్లాడితే చేపలు బెదిరిపోతాయి."

మాది అనంతపురం జిల్లా. సముద్రాన్ని నేను బ్యాంకువాళ్ళ క్యాలెండరులో చూశాను. ఆ మాట చెబుదామనుకునేసరికి ప్రొఫార్మాలో రాసేశారు. 'తీరాంధ్ర నౌకాయాన చరిత్ర' అని నా వ్యాసం. పన్నెండు పేజీలు. నేను రాసిన వాటిలో అదే మొదటిది.

సంచిక అచ్చయింది. మొదటి పేజీలో మంత్రిగారి ఫోటో, రెండో పేజీలో సందేశం, మూడో పేజీలో డైరెక్టరుగారి ముందుమాట. వెనక ఆరుగురు రచయితల ఫోటోలు. సిలాసుగారి పేరు ఎక్కడా లేదు. టెంపరరీవాళ్ళ పేర్లు అచ్చు వేస్తే ఆడిట్ అబ్జెక్షన్ వస్తుందన్నారు.

మంత్రిగారు పత్రిక చూసి, "వీళ్ళను నేను కళ్ళారా చూడాలి. శాలువాలు కప్పాలి" అన్నారు.

ఆ మాటతో సిలాసుగారికి జ్వరం వచ్చింది. ఆరు వ్యాసాలూ ఆఫీసులోనే పుట్టాయని బయటపడితే ఫైలు పోతుంది, ఆయనా పోతారు. జ్వరంతోనే మమ్మల్నందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పారు. కాకతీయులు ఎవరు, ఓడకు తెరచాప ఎటు ఉంటుంది, ఇలాంటివి. డ్రైవరు తన వ్యాసంలోని కోటలన్నిటినీ కలిపి ఒకే కోట చేశాడు. రాజేశ్వరమ్మగారికి కునుకు పట్టింది. చివరికి సిలాసుగారు దండం పెట్టి అన్నారు:

"ఇవేవీ గుర్తుపెట్టుకోకండి. ఒక్క మాట గుర్తుంచుకోండి చాలు. ఎవరేం అడిగినా, 'అంతా మేమే రాశాం, సిలాసు అక్షరం ముట్టుకోలేదు' అనండి. దీనిమీదే నా ఉద్యోగం ఆధారపడి ఉంది."

అందరం సరేనన్నాం. చెన్నకేశవులు అనలేదు. సంచిక వాడి చేతిలో చుట్టచుట్టి ఉంది.

"నా పంపు ఏడికి పోయింది సార్?"

సిలాసుగారు ముందున్న కాగితాలు సర్దారు.

"నేను రాసింది వేయకుంటే వేయకపోయిరి. రాయంది రాసినట్టు ఎట్ల చెప్పాలె? మా బస్తీల అందరికీ చూపెట్టిన సార్, నా ఫోటో. చదివి వినిపియ్యమన్నరు. పంపు కాడనే నిలబడి చదివితిని, చెరువుల కథ. ఒక్కడు నవ్వలే. అదే బాధ."

ప్రేమకుమారిగారు డ్యూటీ బట్టల్లోనే వచ్చి ఉన్నారు. వాడి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అన్నా, నీ పంపు ఎన్నేళ్ళకొచ్చింది?"

"పదకొండు."

"మా ఆయనకి తొమ్మిదయ్యింది. ఇంకో రెండేళ్ళు ఆగమంటావా? ఆగుతాం. ఈలోగా ఆ రేకులకింద మనుషులం ఉంటామో, వడియాలమవుతామో చెప్పలేను."

చెన్నకేశవులు నవ్వాపుకోలేకపోయాడు.

"అబద్ధం ఒక్కటే గద చెల్లె?"

"ఒక్కటే అన్నా. అదీ చిన్నది. 'అక్షరం ముట్టుకోలేదు' అనాలి."

"సరే తియ్యి."

సభ కమిటీ రూములో పదిగంటలకు. మంత్రిగారు పన్నెండుకే వచ్చేశారు. మా ఆరుగురినీ వరుసగా నిలబెట్టారు. నా మెడలో పూలదండ వేసి, చేతిలో టీ ట్రే పెట్టారు. జాలరి వచ్చాడు కదా అని ప్యూను పని ఆగదు.

మంత్రిగారు నా ముందు ఆగారు.

"సముద్రంమీదికి ఎప్పుడు వెళతావు?"

"ఢిల్లీలో ఉన్నాను సార్."

"ఆహా!" అన్నారు మంత్రిగారు. "ఎంత లోతైన మాట! ఇంత వ్యాసం ఎలా రాశావు? ఎవరైనా దిద్దారా?"

"లేదు సార్. సిలాసుగారు అక్షరం ముట్టుకోలేదు."

సిలాసుగారు గోడదగ్గర నిలబడి ఉన్నారు. మొహంలోకి కొంచెం రక్తం వచ్చింది.

పెద్దిరాజును అడిగారు. "పొలం పనుల మధ్యే రాసుకున్నానండీ. సిలాసుగారు అక్షరం ముట్టుకోలేదండీ" అన్నాడు. డ్రైవరు సెల్యూట్ కొట్టి, "ముట్టుకోబోతే నేనే ఒప్పుకోలేదు సర్" అన్నాడు. రాజేశ్వరమ్మగారు "అసలు ఆయన్ని నేను ఇవాళే చూడటం" అన్నారు. ఇది పాఠంలో లేదు. అభిమానంకొద్దీ కలిపారు. ప్రేమకుమారిగారు భర్తవైపు చూడకుండా, "ఆయన ఎవరో గాని, ముట్టుకోలేదు సార్" అన్నారు.

చెన్నకేశవులు చివర ఉన్నాడు. మంత్రిగారు వాడి భుజంమీద చెయ్యి వేశారు.

"నువ్వు మిషనుమీద పనిచేసే కార్మికుడివి. కాకతీయుల చెరువుల గురించి ఇంత మంచి తెలుగా! నిజం చెప్పు. వెనక ఎవరున్నారు?"

డైరెక్టరుగారు దేవుణ్ణి తలచుకున్నారు, పెదవులు కదిలాయి.

"సార్," అన్నాడు చెన్నకేశవులు. "నా రాతల సిలాసు సార్ ఒక్క అక్షరం ముట్టుకోలే. నేను ప్రమాణం జేస్త."

అది నిజమే. వాడు రాసినది ఆయన నిజంగానే ముట్టుకోలేదు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. శాలువాలు కప్పారు. మైకు ముందుకు వెళ్ళి గంటసేపు మాట్లాడారు. ప్రజలు ఇంత స్వచ్ఛంగా రాయగలరని పండితులు దాచిపెట్టారన్నారు. తరవాత పి.ఏ.ను పిలిచి, అందరూ వింటుండగానే డిక్టేట్ చేశారు:

"ఈ పత్రికలో రచయితలెవరికీ దిద్దుబాటు అవసరం లేదని నేను స్వయంగా విచారించి తెలుసుకున్నాను. ఆరుగురికి ఆరుగురూ చెప్పారు, సబ్ ఎడిటరు అక్షరం ముట్టుకోలేదని. అక్షరం ముట్టుకోని ఉద్యోగికి పోస్టు ఎందుకు? పొదుపు చర్య కింద సబ్ ఎడిటరు పోస్టు రద్దు చేయవలెను."

చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. విన్నది అర్థమయ్యేసరికే చేతులు మొదలెట్టేశాయి.

డైరెక్టరుగారు సిలాసుగారిని ఓదార్చారు. "సిలాసూ, మీ ఫైలు మీద సంతకం పడదు పడదు అనేవారు. చూడండి, ఒక్కరోజులో మూడు సంతకాలు పడ్డాయి."

చెన్నకేశవులు శాలువా మడిచి ప్రేమకుమారిగారి చేతికి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. వాడు మెట్లమీద చాలాసేపు కూర్చుని, ఫరీదాబాదు బస్సు ఎక్కేశాడు.

సిలాసుగారు నెలరోజులు గదిలోనే ఉన్నారు. ప్రేమకుమారిగారు తన హాస్పిటల్లో పెద్ద డాక్టరుగారి దగ్గరికి పదిసార్లు తిరిగి, రికార్డుల గుమాస్తా పోస్టు ఒకటి సంపాదించారు. పర్మనెంటు. సోమవారం చేరాలి.

శుక్రవారంనాడు డైరెక్టరుగారు నాకు ఒక కవరు ఇచ్చి మునీర్కా పంపారు. నేను వెళ్ళేసరికి ప్రేమకుమారిగారు భర్త చొక్కా ఇస్త్రీ చేస్తున్నారు.

"రా బాబాయ్" అని సిలాసుగారు కవరు చింపారు. పైకే చదివారు.

"'గతవైభవం రెండవ సంచికకై మంత్రిగారు రచయితల నేపథ్యాల జాబితాను విస్తరించారు. కొత్తగా విద్యావంతుడైన నిరుద్యోగి అను నేపథ్యమును చేర్చడమైనది. ఇందుకు మీరు అన్నివిధాలా అర్హులని భావించి మీ పేరు ఆమోదించడమైనది. మీ వ్యాసముతోపాటు, మిగిలిన ఆరు వ్యాసములు కూడా పదిహేనవ తేదీలోగా అందజేయగలరు. గమనిక: సంచిక వెలువడువరకు మీరు ఎక్కడా ఉద్యోగములో చేరరాదు. చేరినచో నేపథ్యము చెడును.'"

ప్రేమకుమారిగారు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టారు.

"బాబాయ్ గారూ, సోమవారం ఈయన మా హాస్పిటల్లో జాయిన్ అవుతున్నారని మీ డైరెక్టరుగారికి చెప్పండి. శుభ్రంగా చెప్పండి."

నేను సిలాసుగారివైపు చూశాను. ఆయన ఉత్తరాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుతున్నారు. 'మీ పేరు' అన్నచోట వేలు ఆగింది.

"బాబాయ్," అన్నారు, "ఫోటో కూడా వేస్తారటా?"