మంగళవారం ఎప్పుడు మొదలవుతుంది?

ఒక పెద్ద అడవిలో వేసవి ముదిరితే మిగిలేది ఒక్కటే మడుగు. మంగళవారం నీళ్లు పులికి, మిగతా రోజులు అందరికీ అని అక్కడ బోర్డు రాయించారు. పులి నిక్కచ్చి మనిషిలాంటిది, బోర్డు దాటేది కాదు, తన రోజున తప్ప మడుగు దగ్గర ఎవరినీ ముట్టేది కాదు.

చిక్కంతా సోమవారం సాయంత్రం వచ్చింది. పులి లెక్కలో పొద్దు గూకితే మంగళవారం వచ్చేసినట్టే. దుప్పుల లెక్కలో తెల్లారితేనే మంగళవారం. సోమవారమే కదా అని చీకటివేళ నీళ్లకు దిగిన దుప్పులు పాపం తిరిగి రాలేదు. చుక్కి అనే దుప్పి తన చెల్లెల్ని కూడా అలాగే పోగొట్టుకుంది. ఎండవేళ దుప్పులు నీళ్లకు దిగవు. ఆ పూట మానేద్దామంటే, మర్నాడు ఎలాగూ పులిది. చుక్కికున్న చంటిపిల్ల అంతసేపు దాహానికి ఆగదు.

చుక్కి వెళ్లి, ఆ బోర్డు రాయించిన తేదీల కమిటీకి మొరపెట్టుకుంది. రోజు ఎప్పుడు మొదలవుతుందో బోర్డు మీద రాయించమంది, అంతే.

"తొందరపడకమ్మా, ఇది శాస్త్రీయంగా తేల్చాల్సిన విషయం," అంది అధ్యక్షత వహించే నక్క. పులి తినగా మిగిలింది ఎవరి వాటాకొస్తోందో మాత్రం చెప్పలేదు.

కమిటీ కొండమీద చల్లటి గుహలో కూర్చుంది. పొరుగడవిలో తేదీ రాసేటప్పుడు నెల పేరు ముందు పెడతారట, మనమూ అలాగే రాయాలని చిలుక పట్టుబట్టింది. రుతువు లేని తేదీకి మర్యాదేముందని ఎలుగుబంటి అలిగింది. మధ్యలో గీత పెట్టాలా చుక్క పెట్టాలా అని వారాలు గడిచాయి. చుక్కి అడిగినప్పుడల్లా అది ఎజెండాలో లేదని నక్క మెత్తగా తోసిపుచ్చేది.

చివరికి అందరి మాటా నిలబెడుతూ ఒక పద్ధతి ఖరారైంది. ముందు రుతువు, తర్వాత నెల, ఆ తర్వాత పున్నమి దాటి ఎన్నో రాత్రో. వారం పేరు ఎక్కడా లేదు, పాతకాలపు అలవాటని తీసేశారు.

చుక్కికి ఒళ్లు మండింది. అయినా నవ్వుతూనే వెళ్లి, మడుగు ఒడ్డున కమిటీకి నేరేడుపళ్ల విందు ఇస్తానంది. రోజేమో కొత్త పద్ధతిలోనే చెప్పింది. అది ఏ వారమో నక్కకు బోధపడలేదు. అడిగితే తన పద్ధతి తనకే తెలియదని ఒప్పుకున్నట్టవుతుందని బుర్ర ఊపి ఊరుకుంది.

చెప్పిన రోజున చుక్కే వచ్చి వాళ్లను వెంటబెట్టుకుపోయింది. వాళ్లు పళ్లు తింటుండగా చుక్కి మెల్లగా గట్టెక్కి దూరం జరిగింది, పొద్దు గూకింది. పొదల్లోంచి పులి దిగింది. చిలుక ఎగిరిపోయింది, ఎలుగుబంటి చెట్టెక్కింది, నక్క బురదలో కూరుకుపోయింది.

"ఆగండి దొరా, ఇంకా సోమవారమే," అంది, పులిని చూశాక గానీ వారం గుర్తుకురాని నక్క.

"అది కమిటీ నిర్ణయమేనా?" అంది పులి.

"నిర్ణయమే. రోజు తెల్లారాకే మొదలవుతుంది. ఏకగ్రీవం."

పులి వెంటనే వెనక్కి తగ్గింది. నక్క తోక కొస మాత్రం అప్పటికే పులి పంటికింద మంగళవారంలో పడిపోయింది. ఆ మాట అదే పూట బోర్డుకెక్కింది. చుక్కి పిల్ల తల్లి పక్కన నిలబడి కడుపారా నీళ్లు తాగింది.

ఇందులో నీతి ఏమిటంటే, కమిటీ చప్పున తేల్చాలంటే దాన్ని పులి దారిలో కూర్చోబెట్టాలి.