మీటకు గొడుగు

నరసరావుపేట పురజనులకు తెలియజేయడమేమనగా, శ్రీ త్రికోటేశ్వరరావుగారి ఇంటి గుమ్మానికి బిగించిన కాలింగ్ బెల్లు మరమ్మతు దిగ్విజయంగా ముగిసింది. బెల్లు మోగుతున్నది. ఈ మహత్కార్యంలో ఇనుప, ఇత్తడి సామాన్ల వర్తకుణ్ణయిన నాకూ కొంత పాత్ర ఉన్నందున, జరిగింది జరిగినట్టు మనవి చేసుకుంటున్నాను.

యుద్ధం రోజులు. మిల్లు గుడ్డ మీద కంట్రోలు. గుడ్డ అమ్మాలంటే సర్కారువారి పర్మిట్ ఉండాలి. ఊరికి కొత్తగా ఒక్క పర్మిట్ ఇస్తున్నారని తెలిసి త్రికోటేశ్వరరావుగారూ నేనూ కలిసి దరఖాస్తు పెట్టాం. పరపతి ఆయనది, కొట్టు నాది. సప్లై ఆఫీసరు స్వయంగా ఇంటికి వచ్చి, మనిషినీ పద్ధతినీ చూసి నిర్ణయిస్తారని కబురొచ్చింది. పర్మిట్ వస్తే ఈ యుద్ధం మేమిద్దరం గెలిచినట్టు. రాకపోతే బ్రిటిషువారు ఒక్కరే గెలుస్తారు.

పద్ధతి కోసమే కాలింగ్ బెల్లు. మా పల్నాటిలో ఇంటికి వచ్చే మనిషి వీధి మలుపులోనే "మామా, ఉండావా?" అని కేకేస్తాడు. ఆఫీసర్లు అలా కేకలు వెయ్యరని విని, బెజవాడ నుంచి సరంజామా తెప్పించాను. గుమ్మం బయట కర్ర దిమ్మలో మీట, లోపల గంట, అటక మీద బాటరీలు, వీటన్నిటినీ కలుపుతూ తీగ. బిగించిన నాడు త్రికోటేశ్వరరావుగారు అరుగెక్కి ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా! నేటి నుంచి ఈ గుమ్మానికి కులం లేదు, మతం లేదు. ఈ మీట మీద ఎవరి వేలు పడినా నా హృదయం మీద పడినట్లే భావిస్తాను. అస్పృశ్యతా నివారణ ఈ వేలి కొసనుంచే ప్రారంభమగు గాక!"

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఖర్చు లేని పనిలో నేనెన్నడూ వెనకాడను.

ఆ ఉపన్యాసానికి సంతోషించి, మిషన్ బడి పంతులమ్మ కరుణమ్మగారు మర్నాడే వచ్చి మీట నొక్కారు. బడి వార్షికోత్సవానికి ఆయన్ని అధ్యక్షులుగా పిలవడానికి. బెల్లు శ్రావ్యంగా మోగింది. త్రికోటేశ్వరరావుగారు ఆమెను అరుగు మీదే గౌరవించి, అరుగు మీదే ఒప్పుకుని, అరుగు మీది నుంచే సాగనంపారు. ఆమె వీధి మలుపు తిరగగానే ఆయన తల్లి వీరరాఘవమ్మగారు చెంబెడు పసుపు నీళ్ళు తెచ్చి మీట మీద పోసి శుద్ధి చేశారు. తల్లి ఆచారానికి కొడుకు అడ్డం రాలేదు, కొడుకు ఆదర్శానికి తల్లి అడ్డం రాలేదు. ఇంతటి సామరస్యం గల కుటుంబాలు తాలూకాలో అరుదు.

ఆ తరవాత బెల్లు మోగలేదు.

గ్రామఫోన్లూ పెట్రోమాక్సు దీపాలూ బాగుచేసే జానీని పిలిపించాం. అతను గంట విప్పాడు, బాటరీలు మార్చాడు, అటకెక్కి తీగను ఈ కొసనుంచి ఆ కొసకు తడిమాడు. ఆఖర్న మీట విప్పి, లోపలి రాగి రేకుకు పట్టిన చిలుమును గరుకు కాగితంతో రుద్దాడు. బెల్లు మోగింది. రుజువుకోసం జానీ పదే పదే నొక్కి చూపించి, సలాం చేసి వెళ్ళాడు. అన్నిసార్లు నొక్కాడు కనుక ఈసారి వీరరాఘవమ్మగారు రెండు చెంబులు పోశారు.

బెల్లు మళ్ళీ మూగబోయింది. జానీ మళ్ళీ వచ్చాడు, మళ్ళీ రుద్దాడు, మళ్ళీ మోగించాడు. అతను వెళ్ళాక మళ్ళీ శుద్ధి.

"నేనుంటే మోగుద్ది, నేను పోతే ఆగుద్ది," అన్నాడు జానీ నాతో. "ఈ బెల్లుకి నా మీద మనసైంది బ్రహ్మయ్యగారూ!"

పట్టణ ప్రముఖులు సమావేశమై, తీగలో జపానువారి హస్తం ఉండవచ్చునని అభిప్రాయపడ్డారు. కృష్ణయ్య సిద్ధాంతిగారు దోషం దిక్కులో ఉందని తేల్చగా, మీటను గుమ్మానికి కుడివైపు నుంచి ఎడమవైపుకు మార్చాం. నీళ్ళు ఎడమవైపు కూడా పడ్డాయి.

ఆఫీసరు వచ్చే రోజు దగ్గరపడింది. ఒక పూట జానీ వెళ్ళాక నేను అరుగు మీదే ఉండిపోయాను. చెంబు బయటికొచ్చింది.

"పిన్నీ, ఏందది?" అన్నాను వీరరాఘవమ్మగారితో.

"కనపడట్లా? వాడు నొక్కాడు గదరా."

"నీళ్ళు పడితే లోపల చిలుము పడుద్ది పిన్నీ. మోగదు."

"మోగకపోతే మానె. అంటుపడ్డ గంట మోగి ఎవుర్ని ఉద్ధరించాల?"

నేను లెక్క వేశాను. నీళ్ళు ఆపితే ఆచారం నష్టం. పోస్తే బెల్లు నష్టం. జానీని మానిపిస్తే మరమ్మతు నష్టం. ఏ పద్దులోనూ నష్టం రాకుండా మీటకు మైనపు గుడ్డతో చిన్న గొడుగు కట్టించాను. నీళ్ళు గొడుగు మీద పడతాయి, శుద్ధి మాత్రం కిందికి దిగుతుంది. దిగుతుందని సిద్ధాంతిగారు ధ్రువీకరించారు.

ఆఫీసరు జట్కా దిగారు. గొడుగెత్తి మీట నొక్కారు. బెల్లు మోగింది. త్రికోటేశ్వరరావుగారు దండతో పరుగెత్తుకొచ్చారు.

"మీటకి గొడుగేందండీ? పైన చూరుందిగా!" అన్నారు ఆఫీసరు. ఆ వెంటనే నవ్వి, "నా పేరు నెహెమ్యా. మాది రొంపిచెర్ల. మా నాయన యల్లమంద మీ వీధిలోనే చెప్పులు కుట్టేవాడు," అన్నారు.

సరిగ్గా అప్పుడే వీరరాఘవమ్మగారు అలవాటు చొప్పున చెంబుతో గుమ్మంలోకి వచ్చారు. పేరు విన్నారు, ఊరు విన్నారు, ఆగిపోయారు. పర్మిట్ కాగితం ఆఫీసరు సంచిలో ఉంది.

"దాహానికండీ," అన్నాను నేను. "మా పిన్ని అంతే, ఎవురొచ్చినా నీళ్ళతో ఎదురొస్తది."

ఆయన చెంబులోకి తొంగి చూశారు. "దాహానికి పసుపు కలుపుతారా?"

"ఒంటికి చానా మంచిదండీ."

"నాకు ఉత్త నీళ్ళు చాలు. ఇంట్లో మీరు తాగే గ్లాసుతో ఇప్పించండి."

తల్లి కొడుకు వంక చూశారు. కొడుకు సంచి వంక చూశారు.

"అమ్మా, తే."

"ఏరా, సంతకం అయినాక తేనా, ముందే తేనా?"

ఆఫీసరు పెద్దగా నవ్వారు. "ముందే తే అవ్వా, ఎండన పడి వచ్చా." కంచు గ్లాసులో మంచినీళ్ళు వచ్చాయి. తీరిగ్గా తాగి, మీసం తుడుచుకుని, సంతకం పెట్టారు.

ఆ రోజు మీట మీద నీళ్ళు పడలేదు. సర్కారు సంతకం పెట్టే వేలికి అంటు లేదని సిద్ధాంతిగారు తేల్చారు. ఆయన తాగిన గ్లాసును మాత్రం పిన్ని మళ్ళీ గడప దాటి లోపలికి రానివ్వలేదు. వేలు సర్కారుదైనా పెదవులు సొంతవేనని ఆమె వాదన.

కంచు పారెయ్యడం నాకు చేతకాదు. కొట్టుకు తెచ్చి, చింతపండుతో తోమించి, కొత్త గ్లాసుల వరసలో నిలబెట్టాను. వారం తిరక్కుండానే అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో చెప్పను. మంచి ఆచారవంతులు, పూజకు తీర్థం అందులోనే పోస్తున్నారని వినికిడి. ఈమధ్య మీరెవరైనా మా కొట్టులో కంచు గ్లాసు కొని ఉంటే కంగారు పడనక్కరలేదు. నీళ్ళ రుచి మారిందని తిరిగి తెచ్చి ఇచ్చినవారు ఇంతవరకూ ఒక్కరూ లేరు.