మోత్కూర్ బస్టాండులో స్విట్జర్లాండ్

ఆ శనివారం పొద్దున నవనీత జొన్నరొట్టెలు కొడుతుంటే, పిండి మీద కాదు, ఎవరి వీపు మీదనో చరుస్తున్నట్టు వినబడింది పక్కింటి వాళ్లకు. ఆమెకు అంత కోపం తెప్పించిన వీపు వసారాలో కూర్చుని సంచి సర్దుకుంటోంది. ఆ వీపు పేరు ప్రేమ్‌సాగర్. నల్గొండలో కరెంటాఫీసు గుమాస్తా, నవనీతకు ఇరవై ఏళ్లుగా మొగుడు.

మంచు కొండను కళ్లారా చూడాలని, ఒక్కసారైనా చేత్తో తాకాలని నవనీతకు పెండ్లి కాకముందు నుంచి ఆశ. ఇన్నేళ్లూ ఐసుగోళా బండి దగ్గరే ఆ ఆశ తీర్చుకుంటూ వచ్చింది. చివరికి మొన్న ఎండాకాలంలో ప్రేమ్‌సాగర్ స్విట్జర్లాండ్ తీసుకుపోతానన్నప్పుడు ఆమె ఏడ్చినంత పని చేసింది. తర్వాత తెలిసింది అసలు సంగతి. అతగాడు ఫోనులో చూసి చూసి, ఖరీదైన దేశాల్లో ఖర్చు లేకుండా తిరగడమెట్లాగో నేర్చుకున్నాడు. వీపు మీద సంచి, సంచిలో రొట్టె, చేతిలో ఖాళీ సీసా. అంతే ప్రయాణం. వీసాకు పెట్టుకున్నారు, ఇంకా రాలేదు. వచ్చేలోపు అలవాటు కావాలని ఆ రోజు రిహార్సల్ పెట్టాడు.

నియమాలు గోడకు రాసినంత గట్టివి. కొని తినొద్దు. చుట్టాలింట్లో దిగొద్దు. అక్కడ ఫోను ఖర్చు ఎక్కువ కాబట్టి ఫోన్లు బందు. వీసా వచ్చేదాకా నోరు విప్పొద్దు, దిష్టి తగులుతుంది. మోత్కూర్ మీదుగా ఆలేరు పోయి, రైల్వేస్టేషన్ బెంచీ మీద మధ్యాహ్నం నిద్రపోయి, పొద్దు గూకకముందే ఇంటికి రావాలి.

"స్టేషన్ల పండుకునుడేందయ్యా? మన మంచం ఏం పాపం జేసింది?" అంది నవనీత.

"ఆడ లాడ్జి కిరాయి వింటె గుండె ఆగుతది. అందరు స్టేషన్లనే ఒరుగుతరట. అలవాటు గావాలె గద."

"దారిల మోత్కూరే గద. మా అమ్మింట్ల జరసేపు నడుం వాలుస్త."

"స్విట్జర్లాండ్ల మీ అమ్మిల్లు ఉన్నదా?"

నవనీత ఆఖరి రొట్టెను పెనం మీద వేసిన తీరే ఈ మాటకు జవాబు.

గడప దాటారో లేదో పక్కింటి మమత ఎదురైంది. "ఎటు పోతుండ్రక్కా, గింత పెద్ద సంచులేసుకొని?"

బయలుదేరేవాళ్లను ఎటని అడగడం మంచిది కాదని పసిపిల్లలకు కూడా తెలుసు. ప్రేమ్‌సాగర్ గిర్రున వెనక్కి తిరిగి, లోపలికి పోయి కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాడు. అంతసేపూ వీపున సంచి, సంచికి వేలాడే తపేలా, చంకలో చాప చుట్టతో నవనీత వాకిట్లో నిలబడింది. మమత తపేలా వంక చూసింది, చాప వంక చూసింది. "ఊరికెనే పోతున్నం," అంది నవనీత. ఊరికే పోయేవాళ్లు తపేలా ఎందుకు మోస్తారో మమతకు అర్థం కాలేదు. నవనీతకు మాత్రం ఏమర్థమైంది?

బస్టాండులో ఇంకో కొత్త నియమం పుట్టింది.

"నీకు జీరో టికెట్టు, ఆడోళ్లకు బస్సు ఉత్తగనే. నాకైతె పైసలు పెట్టాలె. ఆడ అందరు రోడ్డు మీద నిలబడి బొటనవేలు చూపిచ్చి బండ్లు ఆపుకుంటరు. నేను గట్లొస్త. నువ్వు మోత్కూర్ల దిగి కూసో."

"నీ బొటనవేలు జూసి ఎవడు ఆపుతడయ్యా!"

"చూస్తుండు."

కండక్టరు జీరో టికెట్టు చేతిలో పెట్టి, చాపకు కూడా కావాలా అక్కా అని నవ్వాడు. నవనీత నవ్వలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, ఎండలో బొటనవేలు నిలబెట్టి ఆమె మొగుడు. ఒక లారీ డ్రైవరు తిరిగి తన బొటనవేలు చూపించి, ఆపకుండా వెళ్లిపోయాడు.

మోత్కూర్‌లో దిగి, కొంగు నెత్తి మీదికి లాక్కుని బస్టాండు మూలన కూర్చుంది నవనీత. పుట్టిపెరిగిన ఊళ్లో దొంగలా మొహం దాచుకోవలసి వచ్చిందే అని ఒళ్లు మండిపోయింది. ఆలేరు బస్సు ఒకటి పోయింది, ఇంకోటి పోయింది. మొగుడి జాడ లేదు. ఆకలికి తాళలేక రొట్టె తీసి కారం అద్దుకుని కొరికింది. రొట్టె ఎండి కుండపెంకులా ఉంది. సరిగ్గా అది గొంతుకు అడ్డం పడ్డప్పుడే ఎదురుగా రెండు కాళ్లు ఆగాయి.

"ఎవరు, మా బిక్షమ్మ బిడ్డవు గాదు?"

తండ్రికి అన్న వరస, రామచంద్రం. ఊళ్లో నలుగురి తగువులు తీర్చే మనిషి.

"అల్లుడేడి బిడ్డా?"

"ఎనుక వస్తుండు పెద్దనాయినా."

"నీతోని బస్సుల ఎందుకు రాలె?"

"టికెట్టుకు పైసలెందుకని..." నవనీత నాలుక కరుచుకుంది.

"ఫోన్ గలుపు, నేను మాట్లాడత."

"బందు పెట్టుమన్నడు."

"మరి ఇంటికి పోక గీడ గూసున్నవేంది?"

"అమ్మింటికి పోవద్దన్నడు."

"ఎందుకట?"

"చెప్పొద్దన్నడు."

ఒక్క అబద్ధమూ ఆడలేదు పాపం. అడిగినదానికల్లా నిజమే చెప్పింది. రామచంద్రం ఎండు రొట్టె వంక చూశాడు, చాప వంక చూశాడు, తపేలా వంక చూశాడు. భుజం మీది తువ్వాలను నడుముకు బిగించి, గబగబా బిక్షమ్మ ఇంటి దారి పట్టాడు.

ఆ మాట బస్టాండులో బయలుదేరినప్పుడు చిన్నదే. ఛాయ్ దుకాణం దాటేసరికి మొగుడు బస్సు పైసలు కూడా ఇవ్వలేదయింది. కిరాణం దగ్గరికి పోయేసరికి ఫోను గుంజుకున్నాడయింది. బిక్షమ్మ వాకిట్లో అడుగుపెట్టేసరికి, తపేలా, చాప మొహాన కొట్టి నవనీతను వెళ్లగొట్టాడయింది.

బిక్షమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చింది. వెనకే చొక్కా చేతులు మడుస్తూ కొడుకు సైదులు.

"పుట్టినూరుకొచ్చి నా గడప తొక్కకుంట పోతవా బిడ్డా? నేను సచ్చిన్ననుకున్నవా?" అని బిక్షమ్మ రొమ్ము బాదుకుంది.

ఏదో ఒకటి చెప్పి తల్లిని ఊరడించాలనుకుంది నవనీత. "లొల్లేం లేదమ్మా. జర ఆలేరు స్టేషన్‌కు పోతున్న."

"స్టేషన్‌కెందుకే?"

"పండుకుందామని."

అంతే, బిక్షమ్మ నేల మీద కూలబడింది. "ఓరి నాయినో, నా బిడ్డ రైలు కింద పండుకుంటదట!" బస్టాండంతా లేచి నిలబడింది. రామచంద్రం నవనీత చెయ్యి పట్టుకున్నాడు, ఇంకెవరో చాప లాక్కున్నారు. అసలే ఆ చాపంటే నవనీతకు మంట. తీసుకపోండ్రి, పీడ విరగడైతది అనుకుంది.

సరిగ్గా అప్పుడే వచ్చాడు ప్రేమ్‌సాగర్. మేకలను తోలుకొచ్చే ట్రాలీ ఆటోలో, మేకల నడుమ నిలబడి, జుట్టులో గడ్డిపరకలతో. పైసా ఖర్చు లేకుండా వచ్చేశాను చూడు అన్నట్టు పెండ్లానికి దూరం నుంచే బొటనవేలు ఎత్తి చూపించాడు. అది సైదులు చూశాడు.

"మా అక్కను రోడ్డు మీద కూసోబెట్టి, మాకు బొటనవేలు సూపిస్తవా బావా!" అని కాలరు పట్టి కిందికి దించాడు.

అక్కడికక్కడే పంచాయితీ కూర్చుంది. రామచంద్రం గొంతు సవరించుకున్నాడు. "అల్లుడా, ఏం జరిగిందో నోరిప్పి చెప్పు."

"చెప్పేది గాదు మామా," అన్నాడు ప్రేమ్‌సాగర్. వీసా ఇంకా రాలేదు కదా, దిష్టి.

"ఇంట్ల సంగతా, బయటి సంగతా?"

"బయటిదే. చానా దూరం."

"ఎవలామె?" అన్నాడు రామచంద్రం.

నవనీత కోపం పొద్దుటి నుంచి పొయ్యి మీదున్న పాలలా పొంగడానికి సిద్ధంగా ఉంది. ఇప్పుడు పొంగింది. "ఆమె లేదు, ఈమె లేదు! స్విట్జర్లాండ్ పోతున్నం! సంచులు మోసుడు, ఎండు రొట్టెలు తినుడు, స్టేషన్ల పండుకునుడు, అన్ని గా దేశం కోసమే! మంచు చూస్త అన్నందుకు నన్ను గీ ఎండల కూసోబెట్టిండు!"

ఎవరూ నమ్మలేదు. "స్విట్జర్లాండ్ పోయేటోడు మేకల నడుమ నిలబడొస్తడా అక్కా?" అన్నాడు సైదులు. నవనీత వీసా కోసం తీయించుకున్న ఫొటోలు చూపించి, ఒట్లు పెట్టి చెబితే అప్పటికి శాంతించారు. శాంతించడమే కాదు, అల్లుడి వైపు తిరిగిపోయారు. రామచంద్రం మొహం విప్పారింది.

"గింత పొదుపు మనిషిని పట్టుకొని మనం తప్పువట్టినం. బిడ్డా, నువ్వే జర ఓపిక పట్టాలె. మొగోడు ఆకలి చంపుకొని నీ కోసం కష్టపడుతుండు."

"నాకోసమా!" అని నవనీత పళ్లు నూరింది. ఇంతవరకు మొగుడి మీదే కోపం. ఇప్పుడు ఊరి మీద కూడా.

ప్రేమ్‌సాగర్ కాలరు సర్దుకున్నాడు. "మనసు గట్టిగుండాలె మామా. పొద్దుగాల్నుంచి మంచినీళ్లు తప్ప నోట్ల ఏం పెట్టలే." బిక్షమ్మ కన్నీళ్లు తుడుచుకుని, అల్లుడా నాలుగు మెతుకులు తినిపో అంటే, వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. చూసినవాళ్లు అయ్యో అన్నారు.

అంతలో ట్రాలీ డ్రైవరు సాయిలు ఒక పొట్లం పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చాడు.

"సార్! మీ బిర్యానీ పార్సిల్ బండిలనే ఇడిచిపెట్టిండ్రు. మేకలు ఒకటే మూతులు పెడుతున్నయ్!"

ప్రేమ్‌సాగర్ కళ్లతో ఏవేవో సైగలు చేశాడు. సాయిలుకు సైగలు తెలియవు.

"చానా మంచి సారు అక్కా. నార్కట్‌పల్లి హోటల్ల నాకు గూడ తినిపిచ్చిండు. తనేమో రెండు ప్లేట్లు లాగిచ్చిండు."

"బండి బొటనవేలు జూసి ఆపినవా తమ్మీ?" అని అడిగింది నవనీత. ఆమె గొంతు నెమ్మదిగా ఉంది. ఇరవై ఏళ్లు కాపురం చేసిన ప్రేమ్‌సాగర్‌కు ఆ నెమ్మది ఏమిటో తెలుసు.

"ఏలు జూసి ఎవడు ఆపుతడక్కా? బస్సు టికెట్టుకు రెండింతలిస్త అంటె ఆపిన."

"గా పార్సిల్ నీకోసమే తెచ్చిన నవనీతా," అన్నాడు ప్రేమ్‌సాగర్.

"అదేంది సార్," అన్నాడు సాయిలు, "ఆలేరుల ఇంటామె పండుకున్నంక తింట అన్నరు గద."

నవనీత అరవలేదు. పొట్లం అందుకుని, బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెద్దనాయిన ముందరే, ఊరందరి ముందరే, ముక్క మిగలకుండా తినేసింది. ఎముక కూడా చీకి పక్కన పెట్టింది. సంచిలోంచి ఎండు రొట్టె తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"తిను. మనసు గట్టిగున్నది గద, పండ్లు గూడ గట్టిగుంటయ్."

తర్వాత లేచి చెయ్యి కడుక్కుని అంది: "స్విట్జర్లాండ్ పోతం. గీ నియమాలతోనే పోతం. సంచులన్ని నీకు, పైసలన్ని నాకు." రామచంద్రం ఏదో అనబోయాడు కానీ, బిక్షమ్మ చూసిన చూపుకు తువ్వాల మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

ఆ పూట నవనీత తల్లి గడప తొక్కింది. దూరం పోయే బిడ్డ ఒట్టి ఒడితో పోవద్దని బిక్షమ్మ పసుపు కలిపిన ఒడిబియ్యం కొంగునిండా పోసింది. ఆ మూట అల్లుడి సంచిలో చేరింది.

చలికాలంలో వీసా వచ్చింది. వాళ్లు దిగిన చౌక సత్రంలో అందరూ వాడుకునే వంటింట్లో నవనీత రోజూ ఆ ఒడిబియ్యంతోనే పచ్చటి అన్నం వండింది. ఆఖరికి ఒకనాడు కొండ మీదికి పోయి, రెండు చేతులా మంచు ఎత్తి మొహానికి అద్దుకుని, పట్టరాని ఆనందంతో నవ్వింది. వెనక రెండు సంచులు మోస్తూ, పండ్లు కటకటలాడిస్తూ ప్రేమ్‌సాగర్ ఎక్కి వచ్చాడు. ఎదురుగా అద్దాల ఛాయ్ దుకాణం, లోపల పొగలు కక్కే కప్పులు.

"నవనీతా, ఒక్క ఛాయ్... సగం ఛాయ్..."

"స్విట్జర్లాండ్ల నార్కట్‌పల్లి హోటల్ ఉన్నదా?" అని అడిగి, నల్లా దగ్గర నింపిన సీసా అతని చేతిలో పెట్టింది నవనీత.

ఆ కొండ మీద ఛాయ్ ధర ఎంతో ప్రేమ్‌సాగర్‌కు ఈనాటికీ తెలియదు.