నారాయణమ్మ కోసం రెండు పడవలు

ఒకడు సముద్రస్నానానికి బయలుదేరితే ఊరంతా వాడి నెత్తినెక్కి మునుగుతుంది. ఇందులో వాదనకేమీ లేదు. అప్పలసూరి కరీబియన్ దీవికి వెళ్తున్నాడని తెలియగానే ఎదురింటి నారాయణమ్మ, "బావా, నా పేరున ఓ మునక ఎయ్యి" అంది. ఆమె వెనక వీధంతా వచ్చింది. చీపురుపల్లిలో రైలు కదులుతుంటే సోములు కిటికీ పట్టుకుని, "నాకూ ఒకటి!" అని అరిచాడు.

అల్లుడు త్రినాథ్ ఆ దీవిలో ఒక బీచ్ హోటల్లో వంటవాడు. మొదటిరోజు పొద్దున్నే కూతురు యమున ప్లాను చెప్పింది. స్నానం, టిఫిను, ఆనక అద్దం అడుగున్న పడవలో షికారు. దారిలో ఎవరో పనసకు తమ్ముడిలాంటి కాయను నిప్పుల మీద కాలుస్తున్నారు. అప్పలసూరి ఆగిపోయాడు. "పచ్చిదే కాల్సేస్తారేటి? పండనివ్వరా?" ఎండుచేపల వాసన తగిలితే, "ఇంతదూరం వచ్చినా ఇదేనేటి!" అన్నాడు.

అతను వచ్చింది మాత్రం ఒక్క పనికి. కన్నుమూసేముందు భార్య తాయారు టీవీలో ఈ సముద్రం చూసి, "నీళ్ళకి రంగేటైనా కలిపేసినారా?" అని అడిగింది. నడుముల్లోతు దిగి దోసిలి పట్టాడు. రంగు లేదు. చివరి మునక ఆమెకని దాచుకుని మొదలుపెట్టాడు.

"నారాయణమ్మా!" అని కేకేసి మునిగాడు. "లక్ష్మణమ్మా!" మునిగాడు. "సోములూ!" మళ్ళీ మునిగాడు.

ఒడ్డున ఎత్తు కుర్చీలో ఉన్న లైఫ్‌గార్డు లేచి నిలబడ్డాడు. పెద్దాయన మునిగిపోయిన తనవాళ్ళను వెతుక్కుంటున్నాడనుకున్నాడు. ఈల వేసి, పరుగున వచ్చి, ఎంతమందని వేళ్ళతో అడిగాడు. అప్పలసూరి తాయారుది పక్కనపెట్టి మిగిలిన మునకలు లెక్కేసుకుని రెండు చేతులూ రెండుసార్లు చూపించాడు.

ఎర్రజెండా లేచింది. రెండు పడవలు దూసుకెళ్ళాయి. పారాచూట్ కట్టుకుని గాల్లో తేలుతున్నవాళ్ళను దింపేశారు. రబ్బరు ట్యూబులో కునుకు తీస్తున్న ఒక లావుపాటావిడను ఒడ్డుకు లాక్కొచ్చి, "నారాయణమ్మ?" అని అడిగారు. నారాయణమ్మ పేరున మునక పడిందా అని అడుగుతున్నారనుకున్నాడు అప్పలసూరి. "అయిపోనాది" అని తృప్తిగా తలూపాడు. ఆవిడకు వెంటనే దుప్పటి చుట్టేశారు.

త్రినాథ్ గరిటెతోనే పరుగెత్తుకొచ్చాడు. "మావా, ఏటి సేసినావు? హెలికాప్టర్ని పిలుస్తన్నారు!"

"ఎవులికోసం?"

"నారాయణమ్మ కోసం!"

"అది ఇంటికాడ పిడకలు సేస్తంటాది కదా, బాబూ!"

త్రినాథ్ సంగతంతా విప్పి చెప్పాడు. ఒడ్డంతా నవ్వింది. దుప్పటిలో ఉన్నావిడ నవ్వలేదు. లైఫ్‌గార్డూ నవ్వలేదు. జెండా లేచాక తాను తప్ప సాయంత్రం దాకా ఎవరూ దిగకూడదన్నాడు. ఈ పెద్దాయన మాత్రం ఇక ఎప్పుడూ దిగకూడదన్నాడు.

అప్పలసూరి ఎవరినీ బతిమాలే మనిషి కాదు. "మిగతావోళ్ళయి ఎగ్గొట్టేస్తాను. తాయారుది ఒక్కటి ఎయ్యనియ్యమని సెప్పు, బాబూ" అన్నాడు.

తాయారు ఎవరో త్రినాథ్ చెప్పాడు. లైఫ్‌గార్డు కాసేపు జెండా వంక చూశాడు. తర్వాత టోపీ తీసి ఇసకలో పెట్టి, తానే నీళ్ళలోకి నడిచాడు. "టాయారూ!" అని కేకేసి, నిండా మునిగి లేచాడు.

ఊరు చేరగానే నారాయణమ్మ ఎదురొచ్చింది. "నా మునక ఏసినావా, బావా?"

"ఏసినాను. రెండు పడవలు నిన్ను ఎతికినాయి."

"మరి తాయారుకి ఏసినావా?"

"ఆ ఊసు ఇంకెప్పుడూ నాకాడ ఎత్తకు" అని అప్పలసూరి తలుపేసుకున్నాడు.

మునక అందని ఇరవైమందితో, ఎక్కడ అడుగుతారోనని, అతను అసలు మాటలే మానేశాడు.